మళ్ళీ చదవండి

కమిటీ గదిలో అందరికంటే ఎక్కువ మాటలు విన్నది స్టెనో. అందరికంటే తక్కువ మాట్లాడిందీ ఆమే. రాష్ట్ర శాసనసభకి వెళ్ళవలసిన ప్రతి బిల్లూ ముందు ఈ గదిలోకి వచ్చి, మెచ్చుకునేవాళ్ళ చేత మెచ్చుకోళ్ళూ తిట్టేవాళ్ళ చేత తిట్లూ తిని, ఆ తరవాత బతికితే సభకి పోవాలి. ఆ మెచ్చుకోళ్ళూ తిట్లూ అన్నీ ఆమె పెన్సిలు కింద నుంచే దాటాలి. ఛైర్మన్ దగ్గు తప్ప ఏదీ వదలొద్దని ఆమెకి పని నేర్పిన పాత స్టెనో చెప్పేవాడు. ఇంకోటి కూడా చెప్పేవాడు. వినమనేవాడు గానీ, అర్థం చేసుకోవద్దనేవాడు. అర్థం చేసుకోవడానికి ఆగితే చెయ్యి వెనకబడిపోతుందట.

ఆమె ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నెగ్గుకొచ్చింది. గనుల బిల్లు, గేదెల బిల్లు, మంగలి షాపులు ఎన్ని గంటలకి మూయాలన్న బిల్లు, ఏది వచ్చినా ఒకటే. సాక్షులు ఏడ్చినా, సభ్యులు అరుచుకున్నా ఆమె పెన్సిలు ఒకే వేగంతో నడిచేది. సాయంత్రం ఇంటికెళ్ళాక మొగుడు "ఇవాళ ఏం చట్టం చేశారు?" అని అడిగితే నిజంగానే గుర్తొచ్చేది కాదు.

సోమవారం పొద్దున కార్యదర్శి ఆ వారం బిల్లుల ప్రతులు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ప్రతి బిల్లూ ముందే చదివి, అందులో మాటిమాటికీ వచ్చే పదాలకి పొట్టి గుర్తులు తయారు చేసుకోవడం ఆమె అలవాటు. మొదటిది లిఫ్టుల బిల్లు. రెండోది చేపల చెరువులది. మూడోది తెరిచి ఒక పేరా చదివి పెన్సిలు కింద పెట్టేసింది.

తల్లిదండ్రులు చూసుకోలేని పిల్లల్ని సర్కారు కొన్నాళ్ళు వేరే ఇళ్ళలో పెడుతుంది. తల్లో తండ్రో కోలుకోగానే వెనక్కి ఇచ్చేస్తుంది. అలా సాకి అప్పగించినవాళ్ళకి, నెలకోసారి ఆ బిడ్డని చూసే హక్కు ఇవ్వాలని ఆ బిల్లు. సాకినవాళ్ళ బిల్లు అని ఆఫీసులో అప్పుడే పేరు పెట్టేశారు.

ఆమె ఆ బిల్లుని మళ్ళీ మొదటి నుంచి చదివింది. నెలకోసారి. గంటసేపు. తల్లిదండ్రులకి అభ్యంతరం ఉంటే కోర్టు చెప్పాలి. ఒక గంటలో ఏం చేయొచ్చో ఆమె మనసు అప్పుడే లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టింది. తను సాకి అప్పగించిన పాప ఎంత పొడుగు అయిందో చూడొచ్చు. పళ్ళు ఊడి ఉంటాయి, కొత్తవి వచ్చి ఉంటాయి. ఏ బళ్ళో చదువుతోందో అడగొచ్చు. అడుగులు వేసే వయసులో వచ్చి, పలకా బలపం పట్టాక వెళ్ళిపోయిన పిల్ల ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో కూడా ఆమెకి చెప్పలేదు. చెప్పకూడదనే రూలు. అప్పగించిన రోజున కూడా సంక్షేమ శాఖ వాళ్ళ జీపు వచ్చి తీసుకెళ్ళిందే తప్ప కన్నతల్లి మొహం ఆమె చూడలేదు.

బిల్లులో సొంత ప్రమేయం ఉన్న ఉద్యోగి ఆ సంగతి కార్యదర్శి చెవిన వేయాలి. అప్పుడు ఆ పూటకి ఇంకో స్టెనోని కూచోబెడతారు. ఆమె లేచి కార్యదర్శి గది దాకా వెళ్ళింది. ఆయన ఫోనులో ఎవరినో బతిమాలుకుంటున్నాడు. ఏమిటన్నట్టు తల ఎగరేశాడు.

"పెన్సిళ్ళు అయిపోయాయండి," అంది ఆమె.

ఆయన సొరుగు లాగి రెండు పెన్సిళ్ళు ఇచ్చాడు.

సాయంత్రం మొగుడితో చెప్పింది. అతను సిటీ బస్సు డ్రైవరు. ఇంటికొచ్చాక కూడా కుర్చీలో స్టీరింగు ముందు కూచున్నట్టే నిటారుగా కూచుంటాడు.

"చెప్పకుండా వచ్చేశావా?" అన్నాడు.

"చెప్తే నన్ను పద్దుల కమిటీకి పంపిస్తారు. అక్కడ కూచుని మురుగు కాలవల గొడవలు రాసుకోవాలి."

"ఇక్కడ కూచుని మాత్రం ఏం చేస్తావు? నోరు విప్పకూడదు. తల ఊపకూడదు. అవునా?"

"వింటాను. మనలాంటివాళ్ళు వచ్చి చెప్తారు కదా. వింటాను."

అతను కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "నన్ను వెళ్ళి చెప్పమంటావా?"

"నువ్వు వెళ్తే నేను దొరికిపోతాను. అయినా నువ్వేం చెప్తావు? ముందు స్టాపులో దిగండి అనడం తప్ప నీకు మైకులో ఇంకేం మాట్లాడటం రాదు."

అతను నవ్వలేదు. "వాళ్ళు తీసుకెళ్ళిన రోజు నువ్వు ఏడవలేదు. నాకదే భయం వేసింది అప్పుడు. ఎక్కడో పెట్టుకున్నావు దాన్ని. ఈ బిల్లు పోతే ఏమవుతావో చూసుకో," అన్నాడు.

"పోదులే," అంది ఆమె. అని, అన్నందుకు తనకే భయమేసింది.

మంగళవారం కమిటీ కూచుంది. ఛైర్మన్ని అందరూ హెడ్మాస్టరు అంటారు. ఒకప్పుడు బడిపంతులే. సభ్యులు చెయ్యెత్తితే తప్ప మాట్లాడనివ్వడు. ఆయనకి నచ్చని బిల్లుని ఆయన ఎప్పుడూ కాదనడు. జాబితాలో ఆఖర పెడతాడు. మిగిలిన పని గోడ గడియారం చేసిపెడుతుంది. సాకినవాళ్ళ బిల్లుని తెచ్చిన సభ్యురాలు లాయరమ్మ పొద్దున్నే జాబితా చూసి మొహం మాడ్చుకుని కూచుంది.

ఆ రోజు లిఫ్టుల బిల్లు మీదే పొద్దు గడిచిపోయింది. లిఫ్టులో అద్దం ఉండాలా వద్దా అన్న దగ్గర పడ్డ పీటముడి ఎంతకీ విడలేదు. అద్దం ఉంటే జనం దిగరని ఒకాయన, లేకపోతే ఊపిరాడనట్టుంటుందని ఇంకొకాయన. మధ్యలో ఫోనాయన మూడుసార్లు లేచి బయటికెళ్ళాడు. ఆయనకి అసలు పేరు ఏదో ఉంది గానీ, ఫోను మోగగానే జేబు పట్టుకుని వరండాలోకి పరుగెత్తడం చూసి చూసి అందరూ అదే ఖాయం చేశారు. వెనక్కి వచ్చి, ఏ బిల్లు నడుస్తోందో పక్కాయన్ని అడిగి చెయ్యెత్తేవాడు.

స్టెనో అద్దాల గురించి రాస్తూనే వెనక బెంచీ వైపు చూస్తోంది. అక్కడ పొద్దుటి నుంచీ ఒకావిడ కదలకుండా కూచుని ఉంది. సన్నటి మనిషి, తన వయసుకి కాస్త తక్కువే ఉంటుంది. పనిలోంచి నేరుగా వచ్చినట్టు చేతులు మోచేతుల దాకా సబ్బుకి పాలిపోయి ఉన్నాయి. ఎవరి పేరు పిలిచినా ఉలిక్కిపడి లేవబోయి మళ్ళీ కూచుంటోంది. చేపల చెరువులు కూడా అయ్యేసరికి గడియారం హెడ్మాస్టరు మాట విననే విన్నది. మిగిలిన బిల్లు రేపటికి అన్నాడాయన.

అందరూ లేచి పోయాక ఆవిడ స్టెనో బల్ల దగ్గరికి వచ్చింది.

"నన్ను పిలవలేదు మేడమ్."

"ఏ బిల్లుకొచ్చారు?"

"పిల్లలది. ఆఖరిది. రేపు మళ్ళీ రావాలంటే కష్టం మేడమ్. లాండ్రీలో ఇవాళ్టికే బతిమాలితే సెలవిచ్చారు. వెళ్ళిపోదామనుకుంటున్నా."

స్టెనో కాగితాలు సర్దడం ఆపింది. తనలాంటిది ఇంకొకతె. ఆవిడ మొహంలో ఉన్న దిగులు ఆమె అద్దంలో రోజూ చూసుకుంటున్నదే. సాక్షులతో మాట్లాడకూడదన్న సంగతి కూడా మర్చిపోయింది.

"వెళ్ళిపోవద్దు. ఇవాళ ఆగిన బిల్లు రేపు మొట్టమొదట రావాలి, అది రూలు. మిమ్మల్ని ముందే పిలుస్తారు. మీలాంటివాళ్ళు వచ్చి నోరు విప్పి చెప్తే తప్ప వీళ్ళకి తలకెక్కదు. మళ్ళీ అడగండి సెలవు."

"నాకు మాట్లాడటం రాదు."

"నాకు చెప్తున్నారు కదా ఇప్పుడు. ఇలాగే చెప్పండి. నేను అక్కడే ఉంటాను, నన్ను చూసి చెప్పండి."

ఆవిడ తలాడించి వెళ్ళింది. ఆ సాయంత్రం స్టెనో పొట్టి గుర్తులు తయారు చేసుకుంది. కన్నతల్లికి ఒక గీత. సాకిన తల్లికి ఒక చిన్న వంపు. ఇంకా బోలెడు తయారు చేసుకోవాలి గానీ ఆ వంపునే కాగితం నిండా వేస్తూ కూచుంది.

బుధవారం సాకినవాళ్ళ బిల్లు మొదట వచ్చింది. లాయరమ్మ బిల్లు ఎందుకు తెచ్చిందో చెప్పింది. సంక్షేమ శాఖ అధికారి లేచి, అవునని గానీ కాదని గానీ అనకుండా చాలాసేపు నీళ్ళు నమిలి కూచున్నాడు. ఫోనాయన జేబు మోగింది. ఆయన బయటికి వెళ్ళాడు. కార్యదర్శి తన చేతిలోని జాబితా చూసి, "తరవాతి సాక్షి, బిల్లుకి వ్యతిరేకంగా," అని పిలిచాడు.

వెనక బెంచీ మీంచి ఆవిడ లేచింది.

స్టెనో పెన్సిలు 'వ్యతిరేకంగా' అన్న మాట రాసేసింది. ఆ తరవాత ఆ మాట ఆమెకి అర్థమైంది. ఆవిడ బల్ల ముందుకి వచ్చి, నిజమే చెప్తానని చెయ్యెత్తి, చెప్పినట్టే స్టెనో వైపు తిరిగి నిలబడింది.

"నాకు మాట్లాడటం రాదండి. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళు నా పాప వేరే వాళ్ళింట్లో పెరిగింది. వాళ్ళు మంచివాళ్ళే. చెడ్డవాళ్ళయితే నాకింత బాధుండేది కాదు. ఇంటికొచ్చిన కొత్తలో నా దగ్గరికి వచ్చేది కాదు. పిన్ని కావాలని ఏడ్చేది. ఆవిణ్ణి పిన్ని అంటుంది. నేను పెట్టింది తినేది కాదు. పొద్దుగూకేటప్పుడు సూర్యుడికి టాటా చెప్పందే కిటికీ మూయనిచ్చేది కాదు. పిన్ని నేర్పిందంట."

పెన్సిలు నడుస్తూనే ఉంది. సంక్షేమ శాఖ వాళ్ళు అమ్మ అని పిలిపించుకోవద్దంటే పిన్ని అని నేర్పింది స్టెనోయే. నిద్రకి మారాం చేసే పిల్లని ఎలా పడుకోబెట్టాలో తెలియక ఒక సాయంత్రం కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి సూర్యుడు ఇంటికెళ్తున్నాడు టాటా చెప్పమన్నది ఆమే. ఇంత దగ్గరగా, ఒక బల్ల అవతల, పాప తల్లి నిలబడి ఉంది. పాప గురించి మాట్లాడుతోంది. పాప ఏడ్చిందట తన కోసం. ఆమెకి లోపల సంతోషం వేసింది. ఏడ్చిందంటే సంతోషం వేసింది. ఆ సంగతికి సిగ్గు కూడా వేసింది.

"ఇప్పుడు అడగడం లేదండి," అంది ఆవిడ. "మర్చిపోయింది. మొన్న నేనే అడిగా, పిన్ని గుర్తుందా అని. ఏ పిన్ని అంది."

కాసేపు స్టెనోకి ఏమీ వినిపించలేదు. ఆవిడ పైట సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టేసరికి చెయ్యి తనంతట తానే కదిలి అందుకుంది. "నెలకోసారి ఆవిడొస్తే మళ్ళీ మొదటికొస్తుందండి. వాకిట్లో ఇంకో తల్లి నిలబడుంటే నేను ఎప్పటికి తల్లినవుతాను? ఈ బిల్లు వద్దండి నాకు."

ఆవిడ వెళ్ళి కూచుంది. సభ్యులు సవరణలు మాట్లాడుకున్నారు. నెలకోసారి అన్నది మూడు నెలలకోసారి అంటే ఎలా ఉంటుందని ఒకరు. కోర్టు మాట తీసేసి తల్లి ఒప్పుకుంటేనే అంటే ఎలా ఉంటుందని ఇంకొకరు. తల్లి ఒప్పుకుంటే ఇక చట్టం దేనికని లాయరమ్మ. స్టెనో అన్నీ రాసింది. హెడ్మాస్టరు చేతులెత్తించాడు. సభకి సిఫారసు చేద్దామన్నవాళ్ళు ముగ్గురు. పక్కన పెడదామన్నవాళ్ళు ముగ్గురు. పక్కన పెట్టడమంటే కాదన్న పాపం ఎవరికీ అంటకుండా అటకెక్కించడం. వచ్చే సమావేశాల దాకా ఎవరూ దాని ఊసెత్తరు.

అప్పుడు ఫోనాయన లోపలికి వచ్చాడు. అందరూ ఆయన వైపు తిరిగేసరికి కంగారుపడి, ఏమైందో పక్కాయన్ని అడిగి తెలుసుకున్నాడు.

"ఆ తల్లి చెప్పింది నేను వినలేదండి," అన్నాడు కూచుంటూ. "అందరూ ఆవిడ మాటే ఆవిడ మాటే అంటున్నారు. ఒకసారి చదివించండి. విన్నాక చెయ్యెత్తుతాను."

హెడ్మాస్టరు స్టెనో వైపు చూశాడు. "మళ్ళీ చదవండి."

కమిటీ గదిలో ఆమె గొంతు వినపడేది అప్పుడొక్కటే. సాక్షి ఎలా అన్నా స్టెనో చదవవలసింది ఎత్తుపల్లాలు లేకుండా. నేను అన్నచోట నేను అనే చదవాలి. ఆమె లేచి కాగితాలు వెనక్కి తిప్పి మొదలుపెట్టింది.

"నాకు మాట్లాడటం రాదండి. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళు నా పాప వేరే వాళ్ళింట్లో పెరిగింది."

నా పాప. ఆ మాట నలుగురి ముందు పైకి అనడం ఆమెకి అదే మొదలు. ఇన్నేళ్ళ అలవాటు ఆమె గొంతుని నిలబెట్టింది. పిన్ని కావాలని ఏడవడం చదివింది. తిండి తినకపోవడం చదివింది. సూర్యుడికి టాటా చదివింది. ఫోనాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లాయరమ్మ ముందుకి వంగింది.

ఆ తరవాత కాగితం మీద ఏమీ లేదు. సగం వరస ఖాళీ. ఖాళీ దాటి 'నెలకోసారి ఆవిడొస్తే' అని ఉంది.

ఆమెకి అంతా తెలుస్తోంది. ఖాళీ దాటేసి చదివితే చాలు. పిన్ని కోసం ఏడ్చే పిల్ల మిగులుతుంది, ఫోనాయన చెయ్యి లేస్తుంది. అబద్ధం ఒక్క ముక్క కూడా చెప్పక్కర్లేదు. సాక్షి కూడా లేచి అడగదు, ఇప్పుడే తల వంచుకుని కూచుంది. నెలకోసారి గంటసేపు. ఆ గంట కోసం ఆమె ఏమైనా ఇస్తుంది. కానీ ఆ గంటలో తన ముందుకి వచ్చే పిల్ల ఏ పిన్ని అని అడుగుతుందని కూడా ఆమెకి ఇప్పుడు తెలుసు.

"ఊఁ, తరవాత?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఇక్కడ నా చెయ్యి ఆగిపోయిందండి," అంది స్టెనో. "మాటలు గుర్తున్నాయి. సాక్షి ఒప్పుకుంటే చెప్తాను."

కార్యదర్శి తలెత్తి ఆమె వైపు వింతగా చూశాడు. వెనక బెంచీ మీద ఆవిడ తల ఎత్తకుండానే ఊపింది.

"ఇప్పుడు అడగడం లేదండి. మర్చిపోయింది. మొన్న నేనే అడిగా, పిన్ని గుర్తుందా అని. ఏ పిన్ని అంది."

మిగిలింది కూడా చదివి కూచుంది. ఫోనాయన జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "పసిది మర్చిపోయి హాయిగా ఉంటే మనం పనిగట్టుకుని గుర్తు చేయడం దేనికండీ? పక్కన పెడదాం," అని చెయ్యెత్తాడు. బిల్లు అటకెక్కింది. హెడ్మాస్టరు మొహంలో సంతోషం దాచుకోవడం చేతకాక దగ్గాడు. ఆమె ఆ దగ్గు రాయలేదు.

గది ఖాళీ అయ్యాక కార్యదర్శి దగ్గరికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పేసింది. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "రేపటి నుంచి కొన్నాళ్ళు పద్దుల కమిటీలో కూచోండమ్మా," అన్నాడు చివరికి. కోపంగా అనలేదు.

బయట బస్సు స్టాపులో ఆవిడ నిలబడి ఉంది. స్టెనోని చూడగానే ఎదురొచ్చింది.

"మీ కోసమే ఆగాను మేడమ్. మీరు రమ్మన్నారని వచ్చాను. ఒకటి అడగాలి. నేను చెప్పిందాంట్లో ఒక ముక్క తీసేయడానికి వీలవుతుందా?"

"టైపు కొట్టిన కాపీ మీకు పంపిస్తారు. అచ్చుతప్పులుంటే దిద్దొచ్చు. మాట మార్చకూడదు. ఏ ముక్క?"

"మీ చెయ్యి ఆగిందన్నారే, ఆ ముక్క." ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అది నిజం కాదు. మర్చిపోలేదు. పిల్ల ఇప్పటికీ రోజూ అడుగుతుంది. నిజం చెప్తే బిల్లు పాసవుతుందేమోనని భయమేసింది. నా పిల్లని నా దగ్గర్నించి మళ్ళీ ఎవరో లాక్కుంటున్నట్టు అనిపించింది. చెప్పేశాను. కానీ మీరు దాన్ని మళ్ళీ చదువుతుంటే వినలేకపోయాను. నా పిల్ల అలాంటిది కాదు. అంత సాకినావిణ్ణి మర్చిపోయే రకం కాదు. కాగితం మీద అలా ఉండిపోకూడదు."

స్టెనో బెంచీ మీద కూచుంది. 

"సూర్యుడికి," అని ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "సూర్యుడికి ఇంకా టాటా చెప్తుందా?"

"చెప్పకపోతే ఒప్పుకోదు. ఇప్పుడు కిటికీ చాలదు, గేటు దాకా వెళ్ళాలి. అదే సూర్యుణ్ణి అక్కడ పిన్ని కూడా చూస్తోంది కదా అంటుంది."

స్టెనో ఏడ్చింది. జీపు వెళ్ళిన రోజున రాని ఏడుపు రోడ్డు మీద, పదిమంది చూస్తుండగా వచ్చింది. మొహం కూడా కప్పుకోలేదు. ఆవిడ ముందు కంగారుపడి భుజం మీద చెయ్యి వేసింది. వేసి, ఆ చెయ్యి అలాగే ఉంచి, మెల్లిగా ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"మీరేనా?"

స్టెనో తలాడించింది.

ఆవిడ చెయ్యి తీసేసింది. రెండడుగులు వెనక్కి వేసింది. బస్సు ఒకటి వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, ఆవిడ దాని వైపు వెళ్ళింది. మెట్టు మీద కాలు కూడా పెట్టింది. స్టెనో పిలవలేదు. పిలిచే హక్కు ఇవాళ తన నోటితోనే పోగొట్టుకుంది.

డ్రైవరు తొందర చేశాడు. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. బస్సు వెళ్ళిపోయాక వచ్చి బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూచుంది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు.

"తల దువ్వనివ్వదు నన్ను," అంది ఆవిడ కాసేపటికి. "దువ్వెన చూస్తే పరుగు. పట్టుకుని కూచోబెడితే ఏడుపు. పిన్ని దువ్వితే నొప్పి పుట్టేది కాదంటుంది. ఎలా దువ్వేవారు మీరు?"

స్టెనో మొహం తుడుచుకుంది. "పై నుంచి దువ్వకూడదు. కొసల్లో చిక్కు ముందు తీసుకుని, కొంచెం కొంచెంగా పైకి పోవాలి. రెండో చేత్తో కుదుళ్ళ దగ్గర గట్టిగా పట్టుకోవాలి, లాగుడు మాడుకి తగలకుండా."

"ఎక్కడ పట్టుకోవాలి?"

"చెప్తే తెలీదు."

ఆవిడ కాస్త ఆలోచించింది. తరవాత మధ్యలో వదిలిన చోటులోకి జరిగి, వీపు ఇటు తిప్పి, తన ముడి విప్పేసింది.

"చూపించండి," అంది.